అద్దంలో ప్రాణం: సౌష్ఠవం, సాపేక్షత జీవశాస్త్రంలో ఎంతవరకు చెల్లుతాయి?

2024 డిసెంబరులో 38 మంది శాస్త్రవేత్తలు ‘సైన్స్’ పత్రికలో ఒక హెచ్చరిక ప్రచురించారు. మనకు తెలిసిన బ్యాక్టీరియాలోని అణువులన్నిటికీ అద్దంలో కనిపించే ప్రతిరూపాలను తయారుచేసి, వాటితో ఒక ‘ప్రతిబింబ బ్యాక్టీరియా’ను నిర్మించే ప్రయత్నం తలపెట్టవద్దన్నది దాని సారాంశం. అలాంటి జీవి ఇప్పుడు ఎక్కడా లేదు, తయారుచేయడానికి కనీసం పదేళ్లు పడుతుందని వారే చెప్పారు. అయినా ఆ వార్త చదివినవారిలో చాలామందికి ఒక సందేహం మిగిలింది. అద్దంలోని అణువు అసలు అణువులాగే పనిచేస్తే భయమెందుకు? వేరుగా పనిచేస్తే ఆ జీవి బతికేదెలా?

ఆ హెచ్చరికలో రెండు వాదాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉన్నాయి. రసాయన చర్యలను నడిపే నియమాలు అద్దంలో తిరగేసినా మారవు కాబట్టి ప్రతిబింబ బ్యాక్టీరియా బతకగలదు. మనుషులూ జంతువులూ మొక్కలూ మాత్రం ఒకే వైపు అణువులతో తయారయ్యాయి కాబట్టి, వాటి రోగనిరోధక వ్యవస్థలు దాన్ని గుర్తుపట్టలేకపోవచ్చు. అంటే నియమాలకు సౌష్ఠవం ఉంది, ఆ నియమాల కింద బతుకుతున్న ప్రాణులకు లేదు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం పంచుకునే సూత్రాల గురించి మాట్లాడాలంటే ఈ తేడా దగ్గరే మొదలుపెట్టాలి.

మార్చినా మారనిది: సౌష్ఠవానికి నిర్వచనం

ఒక వస్తువుకు ఏదో ఒక మార్పు చేసిన తర్వాత, ఆ మార్పు జరిగిందో లేదో చూసి చెప్పలేకపోతే, ఆ మార్పు విషయంలో దానికి సౌష్ఠవం ఉన్నట్టు లెక్క. సమబాహు త్రిభుజాన్ని కేంద్రం చుట్టూ 120 డిగ్రీలు తిప్పితే ఏమీ తెలియదు, 90 డిగ్రీలు తిప్పితే తెలిసిపోతుంది. కాబట్టి సౌష్ఠవం గురించి ఎవరైనా చెప్పినప్పుడు, ఏ మార్పు విషయంలో అని అడగడం తప్పనిసరి. పెరిగిన సముద్ర నక్షత్రాన్ని అయిదో వంతు చుట్టు తిప్పినా దాదాపు అలాగే కనిపిస్తుంది. దాని డింభకానికి మాత్రం మనలాగే కుడి ఎడమల పోలిక తప్ప మరొకటి లేదు.

ఇది ఆకారాల సంగతి. భౌతికశాస్త్రం ఎక్కువగా పట్టించుకునేది నియమాల సౌష్ఠవాన్ని. ఒక ప్రయోగాన్ని పరిస్థితులన్నీ ఒకేలా ఉంచి ఇవాళ చేసినా, పదేళ్ల తర్వాత చేసినా, బల్లను ఉత్తరానికి తిప్పినా, తూర్పుకు తిప్పినా ఫలితం మారదు. గొట్టింగెన్ విశ్వవిద్యాలయంలో జీతం లేకుండా పనిచేస్తున్న రోజుల్లోనే ఎమ్మీ నోయెథర్ 1918లో ప్రచురించిన సిద్ధాంతం, ఈ మామూలు మాటల వెనుక ఎంత లోతు ఉందో చూపించింది. నియమాలు కాలంతో మారకపోవడం నుంచి శక్తి నిత్యత్వం, చోటుతో మారకపోవడం నుంచి ద్రవ్యవేగ నిత్యత్వం, దిక్కుతో మారకపోవడం నుంచి కోణీయ ద్రవ్యవేగ నిత్యత్వం వస్తాయి. పరిగెత్తే చిరుతకూ మొలకెత్తే గింజకూ ఈ లెక్కల్లో మినహాయింపు లేదు.

అయితే నియమానికి సౌష్ఠవం ఉన్నంత మాత్రాన ఫలితానికీ ఉండాలని లేదు. సూర్యుడి ఆకర్షణ అన్ని దిక్కుల్లోనూ ఒకేలా ఉంటుంది. గ్రహ కక్ష్య మాత్రం ఒక దిక్కుకు సాగిన దీర్ఘవృత్తం. ఆ దిక్కును నిర్ణయించింది ఆకర్షణ నియమం కాదు, ఆ గ్రహం పుట్టి కదిలిన తీరు. ఈ చిన్న విషయం మరచిపోవడం వల్లే జీవశాస్త్రంలో సౌష్ఠవం గురించిన చర్చలు తరచూ దారి తప్పుతాయి.

సాపేక్షత చెప్పేది ‘అంతా సాపేక్షమే’ అని కాదు

తీరు కుదురుగా సాగుతున్న ఓడ లోపలి గదిలో ఉన్నవారు, అక్కడ ఏ ప్రయోగం చేసీ ఓడ కదులుతోందో నిలిచి ఉందో తేల్చలేరని గెలీలియో 1632లో రాశాడు. ఐన్‌స్టీన్ 1905లో ఆ సూత్రాన్ని కాంతికీ వర్తింపజేశాడు. సమవేగంతో కదిలే పరిశీలకులందరికీ భౌతిక నియమాలు ఒక్కటే, శూన్యంలో కాంతి వేగమూ ఒక్కటే. ఇది పైన చెప్పిన నిర్వచనంలో అచ్చంగా ఇమిడే సౌష్ఠవం. ఇక్కడ చేసిన మార్పు చూసేవారిని మార్చడం, మారకుండా ఉన్నవి నియమాలు.

ఒక ఉదాహరణతో లెక్క వేద్దాం. మ్యూయాన్ అనే కణం సగటున 2.2 మైక్రో సెకన్లు బతుకుతుంది. కాంతి వేగంలో 99.5 శాతం వేగంతో వాతావరణంలో కిందికి వస్తున్న మ్యూయాన్‌ను నేల మీది నుంచి గమనిస్తే, దాని ఆయుష్షు పది రెట్లు సాగి సుమారు 22 మైక్రో సెకన్లు అవుతుంది. ఆ వ్యవధిలో అది దాదాపు 6.567 కిలోమీటర్లు వస్తుంది. మ్యూయాన్‌తో పాటు ప్రయాణించేవారి గడియారంలో గడిచేది 2.2 మైక్రో సెకన్లే, వారి దృష్టిలో మ్యూయాన్ కదలనే లేదు. కాలంలోనూ దూరంలోనూ ఇద్దరికీ పొంతన లేదు. ఇప్పుడు కాలాన్ని కాంతి వేగంతో గుణించి వర్గం చేసి, అందులోంచి దూరం వర్గాన్ని తీసివేద్దాం. నేల మీద ఉన్నవారి 22 మైక్రో సెకన్లలో కాంతి వెళ్లే దూరం 6.6 కిలోమీటర్లు. 6.6 వర్గం 43.56, 6.567 వర్గం సుమారు 43.125, తేడా సుమారు 0.44. మ్యూయాన్‌తో ఉన్నవారి 2.2 మైక్రో సెకన్లకు ఆ దూరం 0.66, దాని వర్గంలోంచి సున్నా తీసివేస్తే మళ్లీ సుమారు 0.44. వేర్వేరు కొలతల లోపల దాగిన ఈ సంఖ్యను అచరం అంటారు.

సాపేక్షతలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది ఈ అచరమే. కొలతలు చూసేవారిని బట్టి మారతాయని చెప్పి ఊరుకుంటే సగం సిద్ధాంతమే చెప్పినట్టు. అవి ఏ సూత్రం ప్రకారం మారతాయో, ఏది మారదో చెప్పినప్పుడే అది సిద్ధాంతమవుతుంది. జీవశాస్త్రంలో సాపేక్షత ఉందనేవారి మాటను తూచడానికీ ఇదే కొలబద్ద.

ఒక శంఖాన్ని రెండు విధాలుగా పట్టుకుంటే

మన పూజా మందిరాల్లో కనిపించే మామూలు శంఖాన్ని, మొనదేలిన చుట్టలు పైకి వచ్చేలా, నోరు మనవైపు ఉండేలా పట్టుకుంటే నోరు కుడివైపు కనిపిస్తుంది. జీవశాస్త్రజ్ఞులు నత్తగుల్లలను చూసే పద్ధతి ఇది. అదే శంఖాన్ని తలకిందులు చేసి పట్టుకుంటే నోరు ఎడమవైపుకు వస్తుంది. మన సంప్రదాయం చూసే పద్ధతి ఇది. అందుకే సంప్రదాయం అపురూపమని దాచుకునే దక్షిణావర్త శంఖం, శాస్త్రజ్ఞుల లెక్కలో ఎడమ చుట్టు శంఖం. ఇద్దరి మాటా నిజమే. నోరు ఏ వైపు అన్నది పట్టుకునే తీరును బట్టి ఉంటుంది.

కానీ మామూలు శంఖాన్ని ఎన్ని విధాలుగా తిప్పినా అది ఆ అరుదైన శంఖంగా మారదు. కుడి కాలి చెప్పును ఎటు తిప్పినా ఎడమ కాలికి పట్టనట్టే, ఈ రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలు. పక్క పేరు మారుతుంది, రెండూ ఒకటి కావన్న నిజం మారదు. మ్యూయాన్ లెక్కలో చూసిన సంబంధమే ప్రాణి గుల్లలోనూ కనిపిస్తోంది. వస్తువుకు ఉండే ఈ గుణాన్ని, అంటే తన ప్రతిబింబంతో ఏకీభవించలేకపోవడాన్ని, కైరాలిటీ అంటారు.

అణువుల్లో ఒకే వైపు

లూయీ పాశ్చర్ 1848లో టార్టారిక్ ఆమ్ల లవణం స్ఫటికాలను సూక్ష్మదర్శిని కింద రెండు కుప్పలుగా ఏరి, ఒక కుప్ప ద్రావణం ధ్రువిత కాంతిని కుడికీ, రెండోది ఎడమకూ తిప్పుతుందని చూపించాడు. అణువులకూ కుడి ఎడమలు ఉంటాయని అప్పటి నుంచి తెలుసు. ప్రయోగశాలలో మామూలుగా తయారుచేసిన ఆమైనో ఆమ్లాల్లో రెండు రూపాలూ సమానంగా వస్తాయి. జీవుల్లో ప్రోటీన్లను కట్టే ఆమైనో ఆమ్లాలు మాత్రం ఎడమ రూపానివి, డీఎన్‌ఏలోని చక్కెర కుడి రూపానిది. గ్లైసిన్ ఒక్కటే ఇందుకు మినహాయింపు. దానికి పక్క గొలుసుగా ఒక హైడ్రోజన్ మాత్రమే ఉండటం వల్ల కుడి ఎడమల తేడా ఉండదు.

దీని పర్యవసానాన్ని పటం గీసి చూపించినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలో జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరులు. ప్రోటీన్ గొలుసులో ప్రతి మెలిక దగ్గరా తిరగగలిగే రెండు కోణాలు ఉంటాయి. పరమాణువులు ఒకదానితో ఒకటి ఢీకొనకుండా ఆ కోణాలకు ఏ విలువలు సాధ్యమో వారు లెక్కగట్టి 1963లో ప్రచురించారు. గ్లైసిన్ పటం కేంద్రం చుట్టూ సౌష్ఠవంగా ఉంటుంది. రెండు కోణాల గుర్తులనూ ధనం నుంచి రుణానికి మార్చినా పటం అదే. ఎడమ రూపపు ఆమైనో ఆమ్లాల పటంలో ఆ సౌష్ఠవం చెడిపోతుంది. కుడి మెలిక సర్పిలానికి చోటు విశాలంగా, ఎడమ మెలికకు ఇరుకుగా ఉంటుంది. ప్రోటీన్లలో కుడి మెలిక ఆల్ఫా సర్పిలాలే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇక్కడ ఉంది.

మరి నియమాలు నిజంగానే రెండు వైపులనూ సమానంగా చూస్తాయా? 1992లో స్టీఫెన్ కెంట్ బృందం హెచ్‌ఐవీ ప్రోటియేజ్ అనే ఎంజైమును మొత్తం కుడి రూపపు ఆమైనో ఆమ్లాలతో కట్టింది. అది అసలు ఎంజైముకు ప్రతిబింబంగా ముడుచుకుంది. ప్రతిబింబ పెప్టైడ్‌ను, అంటే ఆమైనో ఆమ్లాల చిన్న గొలుసును, చక్కగా కోసింది, మామూలు పెప్టైడ్‌ను ముట్టలేదు. అన్నిటినీ కలిపి తిప్పితే ఏమీ మారదు, ఒక్కదాన్నే తిప్పితే మిగతావాటితో పొసగదు. మొదట అడిగిన రెండు ప్రశ్నలకూ ఈ ఒక్క ప్రయోగంలో జవాబు ఉంది.

సౌష్ఠవం విరిగే చోటు: ఇనుము నుంచి పిండం దాకా

770 డిగ్రీల సెల్సియస్ పైన వేడిగా ఉన్న ఇనుములో పరమాణు అయస్కాంతాలు అన్ని దిక్కులకూ చెదిరి ఉంటాయి, ఏ దిక్కుకూ ప్రత్యేకత లేదు. చల్లారినప్పుడు ఇరుగుపొరుగు పరమాణువులు ఒకే దిక్కుకు సర్దుకుంటాయి. ఏ దిక్కు అన్నది నియమంలో రాసి లేదు, అతి స్వల్పమైన ప్రభావం చాలు. దీన్ని సౌష్ఠవ భంగం అంటారు. 2012 జులైలో సెర్న్ ప్రకటించిన హిగ్స్ బోసాన్ వెనుక ఉన్నదీ ఇదే ఆలోచన.

కప్ప గుడ్డులో దాదాపు ఇదే జరుగుతుంది. ఫలదీకరణకు ముందు దానికి పై సగం, కింది సగం అనే తేడా ఉంటుంది కానీ, ఆ నిలువు అక్షం చుట్టూ అన్ని పక్కలూ సమానమే. శుక్రకణం ఒక చోట ప్రవేశించగానే గుడ్డు పై పొర లోపలి పదార్థంతో పోలిస్తే సుమారు 30 డిగ్రీలు జరుగుతుంది. ప్రవేశించిన చోటుకు ఎదుటి పక్క కప్పకు వీపు అవుతుంది. రసాయనాలు తమంతట తామే ఏకరూపతను చెరిపి మచ్చలూ చారలూ ఏర్పరచగలవని ఎలన్ ట్యూరింగ్ 1952లో గణితంతో చూపించినదీ ఈ కోవకే చెందుతుంది.

ఎడమ కుడి సంగతి ఇంతకంటే లోతైనది. గుండె ఎడమవైపుకు ఒరగడం యాదృచ్ఛికమైతే సగం మందిలో అది కుడివైపు ఉండాలి. అలా లేదు, అవయవాలన్నీ తారుమారుగా ఉండేవారు సుమారు పదివేలలో ఒకరు. కార్యంలో అసౌష్ఠవం కనిపిస్తే అది కారణంలోనూ ఉండాలని పియరీ క్యూరీ 1894లోనే అన్నాడు. ఇక్కడ ఆ కారణం ఎక్కడుంది?

ఎలుక పిండంలో చాలా తొలిదశలో నోడ్ అనే చిన్న గుంట ఏర్పడుతుంది. అందులోని శైలికలు, అంటే కణాల మీది సన్నని వెంట్రుకల్లాంటివి, వెనక్కి వాలి, ఒకే దిశలో గిరగిరా తిరుగుతూ ద్రవాన్ని ఎడమవైపుకు నెడతాయి. శైలికలు ఏర్పడని ఎలుక పిండాల్లో గుండె ఎటు ఒరుగుతుందో చెప్పలేమని 1998లో జపాన్‌లో హిరోకవా బృందం చూపించింది. 2002లో జపాన్ శాస్త్రజ్ఞులే ద్రవాన్ని కృత్రిమంగా కుడివైపుకు పారించి, అవయవాల అమరికను తిరగేయగలిగారు. శైలికల కదలిక దెబ్బతిన్న కార్టజెనర్ సిండ్రోమ్‌కు చెందిన జన్యులోపం ఉన్నవారిలో అవయవాలు దాదాపు సగం మందికి మామూలుగా, సగం మందికి తారుమారుగా ఉంటాయి. ఈ సగం సగం నాకు చాలా విలువైన ఆధారంగా కనిపిస్తుంది. దిక్కు చూపే యంత్రం ఆగిపోగానే, దాని కింద ఎప్పుడూ ఉన్న నియమ సౌష్ఠవం బయటపడింది.

శైలికలు ఒకే దిశలో తిరగడానికి కారణం వాటిని కదిలించే డైనీన్ ప్రోటీన్ల అమరికకు ఒక చుట్టు ఉండటం, ఆ చుట్టుకు మూలం ప్రోటీన్లు ఎడమ రూపపు ఆమైనో ఆమ్లాలతో తయారుకావడం. అణువులోని పక్క ఇలా మెట్టు మెట్టుగా గుండె దాకా వచ్చింది. ప్రాణులన్నీ ఈ దారినే నడవలేదన్నదీ గుర్తుంచుకోవాలి. కోడి పిండంలో ఇలాంటి ప్రవాహం లేదు, అక్కడ కణాలే ఒక పక్కకు జరుగుతాయి.

మొదటి ఎడమ ఎక్కడిది?

అన్ని భౌతిక నియమాలకూ అద్దపు సౌష్ఠవం ఉందన్న నమ్మకం 1957లో వీగిపోయింది. భౌతికశాస్త్రజ్ఞులు లీ, యాంగ్ లేవనెత్తిన సందేహాన్ని చియెన్-షియుంగ్ వూ బృందం రేడియోధార్మిక కోబాల్ట్-60తో పరీక్షించింది. పరమ శూన్య ఉష్ణోగ్రతకు అతి దగ్గరగా చల్లార్చిన ఆ కేంద్రకాలు ఎలక్ట్రాన్లను తమ భ్రమణ దిశకు ఎదురుగానే ఎక్కువగా వెదజల్లాయి. ఇలాంటి కేంద్రక క్షయాన్ని నడిపే బలహీన బలానికి కుడి ఎడమల తేడా తెలుసునన్నమాట.

దీని వల్లే ప్రాణం ఎడమ ఆమైనో ఆమ్లాలను ఎంచుకుందని కొందరు వాదిస్తారు. అయితే రెండు రూపాల మధ్య ఈ బలం కల్పించే శక్తి తేడా ఎంత స్వల్పమంటే, దాన్ని ఇప్పటిదాకా ఎవరూ నేరుగా కొలవలేకపోయారు. అంతరిక్షం నుంచే ఎడమ రూపం కొంచెం ఎక్కువగా వచ్చిందని ఇంకొందరు అంటారు. 1969లో ఆస్ట్రేలియాలో పడిన మర్చిసన్ ఉల్కలో కొన్ని ఆమైనో ఆమ్లాలకు అలాంటి మొగ్గు కనిపించింది. కానీ బెన్నూ గ్రహశకలం నుంచి 2023లో తెచ్చిన మట్టిలో రెండు రూపాలూ దాదాపు సమానంగా ఉన్నాయని 2025 జనవరిలో ప్రకటించిన ఫలితాలు తెలిపాయి. మూడో వాదం ప్రకారం మొదటి మొగ్గు కేవలం యాదృచ్ఛికం. తనను తాను పెంచుకుంటూ తన ప్రతిబింబాన్ని అణచివేసే రసాయన చర్య ఉంటే, ఎంత చిన్న మొగ్గైనా పూర్తి ఆధిపత్యంగా మారుతుందని భౌతికశాస్త్రజ్ఞుడు ఫ్రాంక్ 1953లోనే గణితంగా చూపించాడు. బెన్నూ ఫలితాల తర్వాత ఈ వాదం వైపే బరువు కొంత పెరిగిందని నా అంచనా. ప్రశ్న మాత్రం ఇంకా తెరిచే ఉంది.

జీవశాస్త్రంలో ‘సాపేక్షత’: రెండు వేర్వేరు అర్థాలు

మొదటి అర్థం పరిమాణానికి సంబంధించినది. చిట్టెలుక గుండె నిమిషానికి సుమారు 600 సార్లు, ఏనుగు గుండె 30 సార్లు కొట్టుకుంటుంది. ఎలుక ఆయుష్షు మూడేళ్లు, ఏనుగుది అరవై ఏళ్లు అనుకుంటే, ఏడాదికి 5,25,600 నిమిషాల చొప్పున రెండింటికీ జీవితకాలపు స్పందనలు సుమారు 95 కోట్లే వస్తాయి. శరీర బరువు పెరిగేకొద్దీ గుండె వేగం బరువు నాలుగో వంతు ఘాతంతో తగ్గుతుంది, ఆయుష్షు అదే ఘాతంతో పెరుగుతుంది. కాబట్టి వాటి లబ్ధం మారదు. గడియారపు కాలం వేరైనా గుండె లెక్కించే కాలం ఒక్కటే. ఇది మ్యూయాన్ అచరాన్ని గుర్తుచేస్తుంది. అయితే ఇది సగటుల మీద కనిపించే పోలిక, ప్రతి జీవికీ వర్తించే కచ్చితమైన నియమం కాదు. మనిషి గుండె నిమిషానికి 70 చొప్పున డెబ్బై ఏళ్లలో 250 కోట్లు దాటుతుంది. ఆ ఘాతం నాలుగో వంతుకు చెందినదా, మూడో వంతుకు చెందినదా అన్న వివాదమూ తెగలేదు.

రెండో అర్థం బ్రిటిష్ శరీరధర్మ శాస్త్రజ్ఞుడు డెనిస్ నోబుల్ 2012లో ప్రతిపాదించినది. కారణత్వానికి సంబంధించి జన్యువు, కణం, అవయవం, ప్రాణి అనే స్థాయిల్లో దేనికీ ముందుగానే ప్రత్యేక హోదా ఇవ్వకూడదన్నది ఆయన సూత్రం. ఆయన ఉదాహరణ గుండె లయ, దాని మీద 1960 నుంచీ ఆయన గణిత నమూనాలు కట్టారు. కణపు పొరలో విద్యుదావేశ కణాలను దాటనిచ్చే ద్వారాలైన అయాన్ ఛానళ్లు తెరుచుకుంటే పొర వోల్టేజి మారుతుంది, వోల్టేజి మారితే ఛానళ్లు తెరుచుకోవడం మారుతుంది. వోల్టేజిని కదలకుండా పట్టి ఉంచితే ఛానళ్లన్నీ యథాతథంగా ఉన్నా లయ ఆగిపోతుంది. అంటే లయ ఏ ఒక్క ప్రోటీన్‌లోనూ లేదు, మొత్తం కణంలో ఉంది.

దీన్ని విమర్శించేవారికీ బలమైన కారణాలున్నాయి. తరాల మధ్య నమ్మకంగా నకలు అయ్యేది ప్రధానంగా డీఎన్‌ఏ వరుస. ప్రోటీన్ వరుస నుంచి సమాచారం వెనక్కి డీఎన్‌ఏలోకి వెళ్లదని క్రిక్ 1958లో చెప్పిన సూత్రం ఇప్పటికీ నిలిచి ఉంది. కాబట్టి వారసత్వం విషయంలో జన్యువుల పాత్ర నిజంగానే ప్రత్యేకమని వారి వాదన. ఒక ప్రాణి జీవితకాలంలో జరిగే పనుల గురించి అడిగితే నోబుల్ మాట, తరతరాల మార్పు గురించి అడిగితే విమర్శకుల మాట ఎక్కువ ఉపయోగపడుతుంది. ఇక పైన చెప్పుకున్న కొలబద్ద పెడితే నోబుల్ సూత్రానికి ఒక లోటు ఉంది. ఒక స్థాయి నుంచి ఇంకో స్థాయికి మారినప్పుడు ఏ సమీకరణం ప్రకారం లెక్క మారుతుందో, ఏ సంఖ్య మారదో అది చెప్పదు. అది పరిశోధకులకు అవసరమైన హెచ్చరిక, ఐన్‌స్టీన్ అర్థంలో సిద్ధాంతం కాదు.

పోలిక ఆగే హద్దు

గ్రహం కదలికను వర్ణించడానికి ఏ రాశులు కావాలో ముందే తెలుసు. స్థానానికి మూడు సంఖ్యలు, ద్రవ్యవేగానికి మూడు సంఖ్యలు. నియమాల సౌష్ఠవం ఆ రంగస్థలాన్ని స్థిరంగా ఉంచుతుంది. జీవపరిణామంలో అలాంటి స్థిరమైన రంగస్థలం లేదని సిద్ధాంత జీవశాస్త్రంలో పనిచేసే జ్యూసెప్పే లాంగో, మాయెల్ మాంటెవిల్ వాదిస్తారు. చేపల పూర్వీకుల్లో గాలి పీల్చడానికి పనికొచ్చిన సంచి లాంటి అవయవం, తర్వాత చాలా చేపల్లో నీటిలో తేలే ఎత్తును సర్దుకునే తిత్తిగా మారింది. ఆ తిత్తి లేని కాలంలో దాని పనిని కొలిచే రాశికి అర్థమే లేదు. ప్రాణుల చరిత్ర ఎడతెగని సౌష్ఠవ మార్పుల వరుస అన్నది వారి అభిప్రాయం.

జనాభా జన్యుశాస్త్రజ్ఞులు ఇందుకు ఎదురుగా 1908 నాటి హార్డీ-వైన్‌బర్గ్ నియమాన్ని చూపగలరు. ఒక జన్యువుకు రెండు రూపాలుండి వాటి వాటాలు 0.6, 0.4 అనుకుందాం. ఎంపిక, వలస, ఉత్పరివర్తనం లేకుండా పెద్ద జనాభాలో జతలు యాదృచ్ఛికంగా కలిస్తే, మూడు రకాల సంతానం 36, 48, 16 శాతాల్లో పుడతారు. మొదటి రూపం వాటా 36 శాతానికి 48లో సగం కలిపితే మళ్లీ 60 శాతం. బయటి బలం లేనప్పుడు వేగం మారని వస్తువులాగే, ఇక్కడ వాటా మారదు, మారితే కారణం వెతకాలి. ఇది జీవశాస్త్రంలో పుట్టిన అచ్చమైన అచరం.

రెండు పక్షాలూ మాట్లాడుతున్నది వేర్వేరు కాలవ్యవధుల గురించి. కొన్ని వందల తరాల లోపల ఏ జన్యు రూపాలను లెక్కించాలో తెలిసి ఉంటుంది, అక్కడ హార్డీ-వైన్‌బర్గ్ అచరం భౌతిక నిత్యత్వ నియమాల తీరులోనే పనిచేస్తుంది. కోట్ల ఏళ్ల వ్యవధిలో ఆ జన్యువులూ, వాటిని మోసే అవయవాలూ కొత్తగా పుట్టుకొస్తాయి. అప్పుడు మారకుండా ఉన్నది ఏమిటని అడగడానికి ముందు, ఏ రాశులను కొలవాలన్నదే తేల్చుకోవాల్సి ఉంటుంది.